లాల్‌దర్వాజా బోనాలకు ఒక్క 50 లెన్స్ సరిపోతుందా?

శాలిబండ_సాయంత్రం | బుధవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెనాన్ బాడీ, జూమ్ లేని 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎం. అంతే. కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ పోయినేడు ఒక పెళ్లిలో కింద పడి జూమ్ రింగ్ పట్టేసింది. బాగు చేయించే ఖర్చుకి పాతది ఇంకోటి వస్తుందన్నారు, ఊరుకున్నాను.

ఆషాఢం ఆఖరి ఆదివారం లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలు. మా మేనత్త వాళ్లిల్లు గుడికి రెండు గల్లీల ఇవతల. మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండేళ్లు ఆమె బోనం ఎత్తలేదు. ఈసారి ఎత్తుతానంటోంది. పోయినేడు నేను ఫోన్‌తో తీసినవన్నీ జనం వీపులు, పైకెత్తిన చేతులు. బోనం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఈసారి అత్తమ్మ బోనం నెత్తిన పెట్టుకుని గడప దాటే ఫొటో ఒక్కటైనా బాగా రావాలి. ఆ తర్వాత కొరడా పట్టుకుని ఆడే పోతురాజు, నైవేద్యాల ఫలహారం బండి, అమ్మవారికిచ్చే రంగు కాగితాల తొట్టెలు, రాత్రి లైట్లు, ఎన్ని దొరికితే అన్ని.

50 ఒక్కటే పట్టుకుని పోవచ్చా? ఏదైనా అద్దెకు తీసుకోవాలా? పోతురాజు ఆడేటప్పుడు షట్టర్ స్పీడు ఎంత పెట్టాలి?

ప్రెస్_గేటు | బుధవారం, రాత్రి 10.15

తమ్ముడూ, ఒక్కరోజుకి 24-70 జూమ్ లెన్స్ అద్దెకు తీసుకో. ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) వాళ్లు కాళ్లే జూమ్ అంటారు. బోనాల రోజు కాళ్లు మన మాట వినవు, జనం ఎటు తోస్తే అటే. పదేళ్లకు పైగా పేపరు కోసం తీశాను కాబట్టి చెబుతున్నా. ముందుకి ఒక్క అడుగు వేయలేని చోట లెన్స్ తిరగాల్సిందే. 50 క్రాప్ మీద పెడితే 80 లాగా ఇరుకవుతుంది. పాతబస్తీ గల్లీలో 80తో ఏం పడుతుంది?

గౌలిగూడ35 | గురువారం, ఉదయం 6.50

నేను 2011 నుంచి బోనాలన్నీ 35 ఒక్కదానితోనే తీస్తున్నాను, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మీద. గోల్కొండ, లష్కర్ (సికింద్రాబాద్), లాల్‌దర్వాజా, మూడూ. అన్న చెప్పింది సగం నిజం. 50 క్రాప్ మీద ఇరుకే. ఎంత ఇరుకో లెక్క వేసుకుని పోతే మాత్రం అదే మేలు చేస్తుంది.

ఆడమనిషి, నెత్తిన కుండ, దాని మీద దీపం, కాళ్ల నుంచి దీపం దాకా కలిపి దాదాపు ఏడడుగులు, అంటే 2.2 మీటర్లు. నీ కెమెరా నిలువుగా పట్టుకుంటే అదంతా పట్టాలంటే 5 మీటర్ల దూరం కావాలి. అడ్డంగా పడితే ఏడున్నర మీటర్లు. నా 35కి నిలువులో 2 మీటర్ల పైచిలుకు చాలు. నీ బాడీకి 24 ఎంఎం పలుచటి ప్రైమ్ వస్తుంది, దాంతో రెండున్నర మీటర్లు.

ఇప్పుడు చేయాల్సిన పని ఏంటంటే, ఈ ఆదివారమే ఒక టేపు జేబులో వేసుకుని మీ అత్తమ్మ వాళ్ల గల్లీకి పో. గడప నుంచి ఎదుటి గోడ దాకా కొలువు. 5 మీటర్లు ఉంటే 50 చాలు. లేకపోతే ఎక్కడ నిలబడితే 5 మీటర్లు వస్తాయో చూడు. మేడ, మెట్లు, ఎదురింటి లోపల, ఏదో ఒకటి ఉంటుంది. ప్రైమ్‌తో తీసేవాడు లెన్స్ గురించి తక్కువ, నిలబడే చోటు గురించి ఎక్కువ ఆలోచించాలి. జూమ్ ఉంటే పండుగ రోజు పోయి సర్దుకుంటాం. ప్రైమ్‌తో ముందే పోయి మాట్లాడుకోవాలి.

ప్రెస్_గేటు | గురువారం, ఉదయం 8.05

ముందే పోయి కొలిచే తీరిక ఉంటే నేనూ ఒప్పుకుంటాను. మాకు ఒక్కరోజులో మూడు గుళ్లు తిరగాల్సి ఉండేది. ఇంటి మనిషిని తీసేవాడికి ఆ తొందర లేదు, అది నిజమే.

వేపమండ | గురువారం, మధ్యాహ్నం 2.30

మాది లాల్‌దర్వాజానే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి బోనం ఎత్తుతున్నాను, నాలుగేళ్లుగా కెమెరా కూడా పట్టుకుంటున్నాను. తమ్ముడు గడప దాటే ఫొటో అడిగాడు కాబట్టి ఇంట్లో ఏ వేళకి ఏం జరుగుతుందో చెబుతాను.

పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గు పెడతాం. కొత్త కుండకి సున్నం, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపమండలు కడతాం. అందులో అన్నం, కొందరింట్లో పెరుగన్నం, కొందరింట్లో బెల్లం అన్నం. మీద మూత పెట్టి దాని మీద దీపం. ఇదంతా వంటింట్లోనో నడవలోనో కూర్చుని చేస్తాం. వెలుతురు ఒక్క కిటికీ నుంచే వస్తుంది. 50 ఎంఎం 1.8 పుట్టిందే ఆ వెలుతురు కోసం అనిపిస్తుంది నాకు. సున్నం బొట్టు పెట్టే వేలు, దారం ముడి వేసే చేతులు, వీటికి 5 మీటర్లు అక్కర్లేదు. ఆ లెన్స్ 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికి ఫోకస్ అవుతుంది.

కానీ ఒక్క మాట. బోనం నెత్తిన పెట్టేటప్పుడు ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరతారు. చుట్టకుదురు సర్దాలి, దీపం చూడాలి, కొంగు సర్దాలి. ఆ అర నిమిషం మధ్యలోకి రాకు. ఒక పక్కన నిలబడి తీసుకో. మా ఇంటికి పోయినేడు ఒకతను వచ్చి, మొహానికి అడ్డం వస్తున్నాయని వేపాకులు కొంచెం పక్కకు జరపమన్నాడు. మా అత్తగారు ఏమీ అనలేదు, లోపలికి పోయారు. లష్కర్ బోనాల కథ అందరికీ తెలిసిందే. 1813లో ఇక్కడ కలరా వచ్చినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే సైన్యం మనిషి మహంకాళికి మొక్కుకుని, తగ్గాక లష్కర్‌లో అమ్మవారిని నిలిపాడని చెబుతారు. వేపాకు, పసుపు ఆ రోగాల భయం నాటి నుంచి వస్తున్నవని అంటారు. ఫొటోకి అడ్డమని జరిపేవి కావు. అవి అడ్డం వస్తే మనమే ఒక అడుగు పక్కకి జరగాలి.

శాలిబండ_సాయంత్రం | గురువారం, రాత్రి 9.10

అక్కా, చాలా థాంక్స్. వంటింటి సంగతి నాకు తట్టనే లేదు. గౌలిగూడ అన్నా, ఆదివారం టేపు తీసుకుని పోతున్నాను. పోతురాజు గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఫోకస్ దొరుకుతుందా అని టెన్షన్‌గా ఉంది.

రీలు_పెట్టె | శుక్రవారం, ఉదయం 7.20

ఫోకస్ వెంటాడకండి. ముందే ఒక దూరానికి పెట్టేసి వదిలేయండి. నా పాత 35తో అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర 3 మీటర్లకి పెడితే దాదాపు 1.9 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. కన్ను వ్యూఫైండర్‌లో పెట్టకుండా కూడా తీయొచ్చు. డప్పు దరువు మీద మనసు పెట్టొచ్చు.

గౌలిగూడ35 | శుక్రవారం, ఉదయం 9.00

అది 35కి సరే, ఈ తమ్ముడి 50కి పని చేయదు. క్రాప్ మీద 50, ఎఫ్ 8, 3 మీటర్లు అంటే స్పష్టంగా ఉండేది రెండున్నర నుంచి 3.7 మీటర్ల దాకానే. పోతురాజు ఒక్క గంతులో ఆ పట్టీ దాటేస్తాడు. పైగా ఎస్‌టీఎం లెన్స్ మీద దూరం గీతలు ఉండవు, గుడ్డిగా పెట్టాలి. నువ్వు ఆటో ఫోకస్‌నే సర్వోలో (కదిలే దాన్ని వెంటాడే మోడ్‌లో) పెట్టుకుని వాడు.

పోతురాజుని చూడకముందు డప్పు విను. తీన్మార్ పడుతుంటే మూడు నాలుగు సార్లు చూస్తే తెలిసిపోతుంది. కొరడా వెనక్కి తీసి తల పైకెత్తే చోట ఒక్క క్షణం ఆగుతాడు. చప్పుడు వచ్చే క్షణం కాదు మనకు కావాల్సింది, దానికి ముందు ఆ ఆగడం. అక్కడ 1/500 సెకను చాలు. కొరడా కొస కూడా గడ్డకట్టినట్టు కనబడాలంటే 1/1000 పైన పెట్టాలి, కానీ నాకు కొస కాస్త చెరిగితేనే నచ్చుతుంది. ఆషాఢం మబ్బు కింద పొద్దున్న ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, సాయంత్రం 1600 దాకా పోవచ్చు. నీ 50కి ఇక్కడ ఒక లాభం ఉంది. కొరడా అందనంత దూరంలో నిలబడే నడుము దాకా ఫ్రేమ్ నింపొచ్చు. నేను 35తో నిలబడే చోటు నీకు చెప్పను, రెండుసార్లు భుజం మీద తగిలింది.

అపర్చర్ ఒకటి గుర్తుంచుకో. 1.8 ఉంది కదా అని తెరిచి పెట్టేయకు. 2 మీటర్ల దూరంలో 1.8 దగ్గర స్పష్టంగా ఉండేది పదీ పదకొండు సెంటీమీటర్లే. మొహం వస్తుంది, ముందుకు చాచిన చెయ్యి పోతుంది. పగలు 2.8, 4 మధ్య ఉండు.

ప్రెస్_గేటు | శుక్రవారం, మధ్యాహ్నం 12.40

రంగుల సంగతి నేను చెబుతాను. పోతురాజు ఒంటి నిండా పసుపు. ఫ్రేమ్ అంతా పసుపైతే ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని కెమెరా తానే సరిచేసే పద్ధతి) దాన్ని తప్పనుకుని నీలంలోకి లాగుతుంది, పసుపు కాస్తా పాలిపోతుంది. మబ్బుకో ఎండకో ఒకదానికి పెట్టేసి, రా ఫైల్ (కెమెరా దిద్దని ముడి ఫైల్) తియ్యి. కుంకుమ ఇంకా కష్టం. ఎరుపు చానెల్ ముందే నిండిపోతుంది, నుదుటి బొట్టు ఒక ఎర్ర మచ్చ అయిపోతుంది. ఎక్స్‌పోజర్ స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించుకో (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగం).

రాత్రి ఎల్‌ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 1/500 పెడితే ఫొటో మీద అడ్డచారలు పడతాయి, లేదా ఒకటి వెలుతురుగా, తర్వాతది చీకటిగా వస్తుంది. 1/100 కానీ 1/50 కానీ పెట్టు. మెకానికల్ షట్టర్ వాడు. నీ బాడీలో మిణుకుని తట్టుకునే యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చెయ్యి. తొట్టెలకి కట్టిన రంగు లైట్లు కొన్ని ఇంకా వేగంగా మిణుకుతాయి, వాటితో వేగలేం, ఎక్కువ తీసి ఏరుకోవడమే.

తాతయ్యగుంట | శుక్రవారం, రాత్రి 8.30

తిరుపతి నుంచి. మా గంగమ్మ జాతరలో కూడా నేను క్రాప్ మీద 50తోనే తీస్తాను. రోజుకో వేషం కాబట్టి ముఖాలే ముఖ్యం, 80 అంత బిగువు మాకు బాగా కుదురుతుంది. ప్రెస్ అన్న చెప్పిన రంగుల మాటకి ఒకటి కలుపుతాను. బైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్లటి నామకొమ్ము పూసుకుంటారు, కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని చూసి ఫొటోని చీకటి చేస్తుంది. తోటి వేషం రోజు బొగ్గు పూత, మీటర్ వెలుతురు ఎక్కువ చేసి బొగ్గుని బూడిద చేస్తుంది. అందుకే నేను మాన్యువల్‌లో పెట్టి, నా అరచేతి మీద కొలిచి, ఇక ముట్టుకోను.

మూడులాంతర్లు | శనివారం, ఉదయం 10.10

మాది విజయనగరం. 50 సరిపోతుందా అన్న ప్రశ్న చూసి నా సిరిమానోత్సవం కథ చెప్పాలనిపించింది. విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. 55, 60 అడుగుల చింతమాను, దాని కొసన కట్టిన ఆసనంలో పూజారి గారు. నా దగ్గర 35 ఒక్కటే. మాను మొదలు, కొస, పూజారి గారు ఒక్క ఫ్రేమ్‌లో రావాలంటే 18 మీటర్లు వెనక్కి పోవాలి. ఆ రోజు మా ఊళ్లో 18 మీటర్ల ఖాళీ ఎక్కడుంటుందండి? మూడేళ్లు మేడలెక్కాను. వచ్చినవన్నీ కర్రపుల్లలాంటి మాను, చీమల్లాంటి జనం.

నాలుగో ఏడు జాతరకి ముందే హుకుంపేట పోయాను. మానుని అక్కడే చెక్కి తయారు చేస్తారు. నేల మీద పడుకుని ఉంటుంది. వడ్రంగులు బాడిసెలు పట్టుకుని పని చేస్తుంటారు, ఆడవాళ్లు వచ్చి పసుపు రాసి దణ్ణం పెట్టుకుంటారు. మొదలు దగ్గర నిలబడి కొస వైపు చూస్తే మొత్తం మాను 35లో కూర్చుంది. ఒక ముసలమ్మ రెండు చేతులూ దాని మీద ఆనించి కళ్లు మూసుకుంది, వెనకాల అరవై అడుగుల మాను సాగిపోతోంది. ఆ ఫొటో నాకు జాతర రోజు ఏ లెన్స్‌తోనూ వచ్చేది కాదు. ఊరేగింపు రోజు నేనిప్పుడు అరటిపళ్లు విసిరే చేతులు తీసుకుని, దణ్ణం పెట్టుకుని ఇంటికి వస్తున్నాను.

కొత్త_షట్టర్ | శనివారం, రాత్రి 11.05

మంచి చర్చ. నేనూ ఈసారి వస్తున్నాను. శివసత్తులకి (అమ్మవారు పూనే ఆడవాళ్లకి) పూనకం వచ్చినప్పుడు దగ్గర నుంచి ముఖాలు తీయాలనుంది. 50తో ఎంత దగ్గరికి పోవచ్చు? వాళ్లు పట్టించుకుంటారా? రీల్స్‌కి బాగా వస్తాయని అడుగుతున్నాను.

వేపమండ | ఆదివారం, ఉదయం 6.15

పూనకంలో ఉన్న మనిషి పట్టించుకోదు. అందుకే మనం పట్టించుకోవాలి.

మా పిన్నికి పూనకం వస్తుంది. ఒక ఏడు ఎవరో తీసిన వీడియో, జుట్టు విరబోసుకుని, కొంగు జారి ఉన్నది, ఏదో వెకిలి పాట కలిపి పెట్టారు. మా పిల్లల స్కూల్ గ్రూపులోకి కూడా వచ్చింది. తర్వాతి ఏడు పిన్ని గుడికి తెల్లవారుజామున నాలుగింటికే పోయి వచ్చేసింది, డప్పులు మొదలు కాకముందే. అమ్మవారు వస్తుందేమో, వస్తే ఎవరు తీస్తారో అని. ఇంతకంటే ఏం చెప్పను తమ్ముడూ.

నేను తీయను. ఎవరైనా అడిగితే తీయొద్దనే చెబుతాను.

గౌలిగూడ35 | ఆదివారం, ఉదయం 8.40

అక్కా, మీ బాధ అర్థమైంది. రీల్స్ సంగతి మీతోనే ఉన్నాను. కానీ అసలు తీయకూడదు అన్నదాని మీద నాది వేరే అభిప్రాయం. శివసత్తులు లేకుండా బోనాలు లేవు. వాళ్లని వదిలేసి కుండలు, లైట్లు మాత్రమే చూపిస్తే మనం పండుగని సగం దాచినట్టే. నేను తీసేది తెలిసిన వాళ్లని, ఏటా కలిసే వాళ్లని. వాళ్లు కూర్చుని మంచినీళ్లు తాగాక కెమెరా వెనక తెర మీద చూపిస్తాను. వద్దంటే వాళ్ల ముందే చెరిపేస్తాను. వద్దన్నవి చాలానే ఉన్నాయి. ఉంచుకొమ్మన్నవి పదమూడేళ్లలో ఒక ముప్పై ఉంటాయేమో. 35 కాబట్టి ఇది తప్పదు కూడా. దగ్గరగా నిలబడ్డవాడి ముఖం వాళ్లకి గుర్తుంటుంది, మళ్లీ ఏడు కనబడాలి.

వేపమండ | ఆదివారం, ఉదయం 9.30

చూపించి చెరిపేసేవాళ్లు మీలా పది మంది ఉంటే నాకు ఏ ఇబ్బందీ లేదన్నా. గల్లీలో ఆ రోజు ఫోన్లు వెయ్యి ఉంటాయి. అడిగిన తమ్ముడికి నా మాట అదే.

కొత్త_షట్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 1.00

అక్కా, ఆలోచించకుండా రాశాను, మన్నించండి. పూనకం తీయను. ఫలహారం బండ్ల దగ్గర ఉంటాను.

శాలిబండ_సాయంత్రం | ఆదివారం, సాయంత్రం 6.45

కొలిచి వచ్చాను. అత్తమ్మ గడప నుంచి ఎదుటి గోడ దాకా 9 అడుగులు. అంటే 3 మీటర్లు కూడా లేదు. కానీ ఎదుటి గోడ అసలు గోడ కాదు, ఒక టైలర్ షాపు. షట్టర్ తీస్తే లోపలికి ఇంకో 8 అడుగులు. మొత్తం 17 అడుగులు, 5 మీటర్ల పైనే! మిషన్, వెనక గోడ మధ్య ఒక మనిషి పట్టే సందు ఉంది. ఆయన్ని అడిగాను. బోనాల రోజు షాపు తీయనన్నాడు. అత్తమ్మ ఫొటో కోసమని చెబితే, ‘సరే, పొద్దున్నే వచ్చి తాళం తీస్తా’ అన్నాడు.

గౌలిగూడ35 | ఆదివారం, రాత్రి 7.20

అద్దె లెన్స్ మరిచిపో తమ్ముడూ. నీ చోటు దొరికింది.

సోమవారం ఊరేగింపుకి కూడా ఉండు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం (అమ్మవారి కలశం) చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా వస్తుంది. ఇక్కడి పెద్దలు 1908 మూసీ వరద కథ చెబుతారు. ఆ సెప్టెంబరులో సగం పట్నం మునిగినప్పుడు అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బంగారు చాటలో పసుపు కుంకుమలు నదికి సమర్పించాడని. నయాపూల్ మీద నిలబడి సాయంత్రం ఘటం రావడం చూస్తే ఆ కథ ఎందుకు నిలిచిందో తెలుస్తుంది. రోడ్డు వెడల్పు, అక్కడ నీ 50 హాయిగా పని చేస్తుంది.

వేపమండ | ఆదివారం, రాత్రి 8.00

కెమెరాకి కవర్ మరిచిపోకు. వాన ఒక్కటే కాదు. దారిలో బోనం ఎత్తిన వాళ్ల కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోస్తారు, అందులో పసుపు ఉంటుంది. లెన్స్ ముందు ఒక ఫిల్టర్ పెట్టుకో, తుడవడానికి పాత నూలు గుడ్డ రెండు.

శాలిబండ_సాయంత్రం | బుధవారం, రాత్రి 10.30

పండుగ అయిపోయింది. అందరికీ చెప్పకుండా ఉండలేను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆదివారం ఆరింటికి పోయాను. వంటింట్లో అక్క చెప్పినట్టే ఒక్క కిటికీ. అత్తమ్మ కుండకి సున్నం రాస్తుంటే గోరు చుట్టూ తెల్లగా ఆరిపోయింది, దాని మీద పసుపు పడి మీగడ రంగు వచ్చింది. ఎఫ్ 2.8లో ఆ వేళ్లు ఒక ఇరవై ఫొటోలు తీశాను. ఆమె నన్ను మరిచిపోయింది. వేపమండలు కట్టే దారం పళ్లతో తెంపింది. అది ఒక్కటే ఫోకస్ తప్పింది, ఇప్పటికీ మనసులో తిరుగుతోంది.

ఎనిమిదింటికి టైలర్ అన్న వచ్చి షట్టర్ సగం లేపాడు. నేను పూర్తిగా లేపమన్నాను. మిషన్ కొంచెం జరిపి వెనక నిలబడ్డాను. వీపు గోడకి ఆనింది. గల్లీలో వాన తుంపర. అవతల ఇద్దరు ఆడవాళ్లు అత్తమ్మ నెత్తిన బోనం పెడుతున్నారు, నాకు వాళ్ల మోచేతులే కనబడుతున్నాయి. ఆపరేషన్ అయిన మోకాలు కదా, గడప మీద ఆమె ఆగింది. ఎడమ చేయి ద్వారబంధం మీద, కుడి చేయి కుండ మీద. పక్కనున్న వాళ్లు పట్టుకోబోతే వద్దంది. కుడి కాలు బయట పెట్టి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, ఎడమ కాలు తెచ్చుకుంది. ఎఫ్ 2.8, 1/250, ఐఎస్ఓ 400, ఒక స్టాపు తక్కువ, దీపం వెలుగు తెల్ల మచ్చ కాకూడదని. మొత్తం ఏడు ఫొటోలు. నాలుగోది. అన్న లెక్క ప్రకారం కాళ్ల నుంచి దీపం దాకా సరిగ్గా పట్టింది, పైన అర అడుగు కూడా మిగల్లేదు. కింద మూల మిషన్ చక్రం అంచు నల్లగా వచ్చింది. దాన్ని కోసేద్దామనుకుని ఉంచేశాను.

పోతురాజు విషయంలో నాకు చేతకాలేదు. డప్పు విన్నాను, ఆగే చోటు తెలిసింది, కానీ తెలిసేసరికి జనం నన్ను ఫలహారం బండి వెనక్కి తోసేశారు. ప్రెస్ అన్న చెప్పిందే జరిగింది. బండి మీది వేపాకుల సందులోంచి ఒక్క ఫొటో వచ్చింది, పసుపు భుజం, పైకెత్తిన కొరడా పిడి, ముఖం లేదు. దొరికింది అదొక్కటే. రాత్రివి 1/100లో చారలు లేకుండా వచ్చాయి.

సోమవారం నయాపూల్ దాకా పోయాను కానీ ఎవరో పోసిన పసుపు నీళ్లు ఫిల్టర్ మీద పడ్డాయి. తడిగా తుడిస్తే పొరలా పరుచుకుంది. వెంటనే ఫిల్టర్ తీసేసి ఉత్త లెన్స్‌తో తీశాను. లెన్స్‌కి ఏమీ కాలేదు.

నిన్న సాయంత్రం 12 బై 18 ప్రింట్ తీసుకుని అత్తమ్మకి ఇచ్చాను. ఆమె అద్దాలు పెట్టుకుని ముందు తన ముఖం చూసుకోలేదు. వేలు పైకి పోనిచ్చి కుండ మీద పెట్టింది. ‘దీపం కొండెక్కలేదు కదరా’ అంది. ఆ రోజు గడప దగ్గర గాలి తగిలి దీపం పోయిందేమో, ఎవరూ తనకి చెప్పలేదేమో అని మూడు రోజులుగా గుంజాటన పడుతోందట. నెత్తిన ఉన్నదాన్ని ఎత్తినవాళ్లు చూసుకోలేరు కదా. నాకది అప్పటిదాకా తట్టలేదు.

వేపమండ | బుధవారం, రాత్రి 10.50

ఇన్నేళ్లుగా ఎత్తుతున్నాను, ప్రతిసారీ ఆ భయం ఉంటుంది తమ్ముడూ. ఎవరితోనూ అనం. అత్తమ్మ గారికి నా నమస్కారం చెప్పు.

గౌలిగూడ35 | గురువారం, ఉదయం 6.30

మిషన్ చక్రం ఉంచేసి మంచి పని చేశావు. టైలర్‌కి కూడా ఒక ప్రింట్ ఇచ్చావా?

శాలిబండ_సాయంత్రం | గురువారం, ఉదయం 7.15

ఈరోజే ఇస్తున్నానన్నా. ఫోన్‌లో చూపిస్తే చక్రం అంచు చూసి అదే ముందు గుర్తుపట్టాడు. షాపులో గల్లీ వైపు గోడకి పెడతానన్నాడు, దారిన పోయేవాళ్లకి కనబడేలా. ఆ గోడకి చెమ్మ వస్తుంది. లామినేషన్ చేయించాలా, అద్దం ఫ్రేమ్ కట్టించాలా?

ప్రెస్_గేటు | గురువారం, ఉదయం 7.40

చెమ్మ గోడకి అద్దం వద్దు, లోపల ఆవిరి పట్టి ప్రింట్ అద్దానికి అతుక్కుంటుంది. మ్యాట్ లామినేషన్ చేయించి పలక మీద అతికించు. గోడకి వెనక రెండు బిరడాలు పెట్టి కాస్త ఎడంగా తగిలించు, గాలి ఆడుతుంది.